సేల్ సంగతి సరే, నాన్నకి ఎప్పుడు చెప్తావు?

ప్రశ్న: అక్కా, నాకు 24 ఏళ్లు, మాది తెనాలి. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకి చదువుతూనే షార్ట్ ఫిల్మ్‌లకీ, చర్చి పాటలకీ, జానపదాలకీ ట్రాకులు చేస్తున్నాను. పాటకి రెండు మూడు వేలు వస్తాయి, కొందరు ఇంకా ఇవ్వాలి. ఇన్నాళ్లూ క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టని దొంగ కాపీ, ఎఫ్‌ఎల్ స్టూడియో అనే పాటల సాఫ్ట్‌వేర్‌తో నెట్టుకొచ్చాను. ఇప్పుడు ఇలాంటి సాఫ్ట్‌వేర్లకి బ్లాక్ ఫ్రైడే సేల్ నడుస్తోంది. ఏబుల్టన్ సూట్ కొనమని ఒక ఫ్రెండ్, క్యూబేస్ లేకపోతే సినిమావాళ్లు పట్టించుకోరని ఇంకో ఫ్రెండ్, లాజిక్ అని యూట్యూబ్‌లో వాళ్లు. నాది విండోస్ ల్యాప్‌టాప్. అమ్మ తన చీటీ ముందే పాడి యాభై వేలు ఇస్తానంది, నాన్నకి మాత్రం చెప్పొద్దంది. నాన్న ఆర్టీసీ డ్రైవరు, నా పాటల గోల ఆయనకి నచ్చదు. సేల్ ఇంకో నాలుగు రోజులే ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తాను, తిట్లు తర్వాత. సూట్ వద్దు, క్యూబేస్ వద్దు. చేతికి అలవాటైన ఎఫ్‌ఎల్ స్టూడియోనే కొను, అది కూడా నీ సంపాదనతో. అమ్మ చీటీలోంచి ఒక్క రూపాయి ముట్టుకోకు.

మా ఆయన కీబోర్డ్ వాయిస్తారు, ప్రతి నవంబర్‌లో మా ఇంట్లో ఈ సేల్ గోల ఉండేదే, కాబట్టి ఇవన్నీ నాకు కంఠతా వచ్చేశాయి.

నాలుగు రోజులే అని నిద్ర మానేశావు చూడు, దాని గురించి ముందు చెప్తాను. బ్లాక్ ఫ్రైడే అంటే నవంబర్ నాలుగో గురువారం తర్వాత వచ్చే శుక్రవారం, అది ఏటా వస్తుంది. అది పోతే సంవత్సరాంతం సేల్ అంటారు, తర్వాత ఎండాకాలంలోనో మధ్యలోనో ఇంకేదో పేరు పెట్టి మళ్లీ తగ్గిస్తారు. కొన్ని ప్లగిన్ల (ఈ సాఫ్ట్‌వేర్లకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు) కంపెనీలైతే ఏడాది పొడుగునా సేల్‌లోనే ఉంటాయి, అసలు ధర అని కొట్టేసి చూపించే అంకెకి వాటిని కొన్నవాడు ఎవడైనా ఉన్నాడా అని నాకు అనుమానం. ఇంకోవైపు అసలు సేల్ జోలికే వెళ్లనివాళ్లూ ఉన్నారు. వల్హల్లా అనే కంపెనీవాళ్ల రివర్బులు (గొంతుకి హాల్లో పాడినట్టు మోత తెచ్చే ప్లగిన్లు) ఎప్పుడు చూసినా 50 డాలర్లే. మెయిల్లో గడియారం తిరుగుతుంటే గుండె కొట్టుకోవడం సహజమే, వాళ్లు దాన్ని పెట్టేదే అందుకు.

ఇక ఒక్కోటి చూద్దాం. లాజిక్ యాపిల్ వాళ్లది, మ్యాక్‌లో, ఐప్యాడ్‌లో తప్ప పనిచేయదు, నీది విండోస్, ఆ మాట అక్కడితో అయిపోయింది. ఏబుల్టన్ మంచిదే, స్టేజి మీద లైవ్‌గా వాయించేవాళ్లకి పాట ముక్కల్ని అక్కడికక్కడే కలిపి వాయించే దాని సెషన్ వ్యూ చాలా ఇష్టం. కానీ సూట్ అసలు ధర 749 డాలర్లు. సేల్ తగ్గింపు తీసేసినా పన్నుతో కలిపితే అమ్మ ఇచ్చే యాభై వేలూ దానికే చాలవేమో. చవకైన ఇంట్రో ఎడిషన్ తీసుకుంటే 16 ట్రాకుల (ఒక్కో గొంతుకీ, వాయిద్యానికీ ఒక్కో వరస) దగ్గర ఆగిపోతావు, కోరస్ ఉన్న చర్చి పాటకి ఆ లెక్క ఎంతసేపు! పైగా కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా మళ్లీ డబ్బు కట్టి మారాలి.

క్యూబేస్ లేకపోతే సినిమావాళ్లు పట్టించుకోరన్న మాట మాత్రం నమ్మకు. స్కోరింగ్ చేసేవాళ్లలో చాలామంది అది వాడతారు, మిక్సింగ్ దగ్గరికొస్తే స్టూడియోల్లో ప్రో టూల్స్ ఉంటుంది, అదంతా నిజమే. కానీ నీ దగ్గరనుంచి వాళ్లు అడిగేది ఒక్కో గొంతునీ, వాయిద్యాన్నీ విడివిడిగా బౌన్స్ చేసిన, అంటే ఆడియోగా బయటికి తీసిన, వేవ్ ఫైళ్లు. టెంపో ఎంతో రాసి, అన్నీ ఒకే చోట మొదలయ్యేలా పంపితే నువ్వు దేంట్లో చేశావని ఎవరూ అడగరు.

ఎఫ్‌ఎల్ ఎందుకంటే నీ చేతులకి అలవాటైంది కాబట్టి, పాత ప్రాజెక్టులన్నీ దాంట్లోనే ఉన్నాయి కాబట్టి, ఒకసారి కొంటే తర్వాత వచ్చే వెర్షన్లన్నీ ఆ కంపెనీ ఉచితంగానే ఇస్తుంది కాబట్టి. ఈ మూడోది నీలాంటి వాడికి పెద్ద విషయం, ఎందుకంటే రెండేళ్ల తర్వాత మళ్లీ అమ్మ దగ్గరికి వెళ్లే అవసరం రాదు. ప్రొడ్యూసర్ ఎడిషన్‌తో గొంతు రికార్డింగ్‌తో సహా నీ పని మొత్తం జరిగిపోతుంది. శ్రుతి సరిచేసే న్యూటోన్ కావాలంటే దాని పైది, సిగ్నేచర్. చర్చి పాటలకి అది పనికొస్తుందనే అంటాను, కానీ తేడా కట్టి తర్వాత పైకి మారొచ్చు, ఇవాళే కొనేయాలని రూలేం లేదు. క్రాక్‌లో అన్ని ప్లగిన్లూ తెరుచుకుని ఉంటాయి కాబట్టి పాత పాటల్లో దేని మీద ఆధారపడ్డావో ఒకసారి చూసుకో, నువ్వు కొనని ప్లగిన్ డెమోగానే తెరుచుకుంటుంది. ఈలోగా ట్రయల్ వేసుకో, దానికి గడువు లేదు. అందులో చేసిన ప్రాజెక్టు సేవ్ అవుతుంది కానీ కొనేదాకా మళ్లీ తెరవనివ్వదు, కొన్నాక తెరుచుకుంటుంది.

బాకీలు వసూలు కాక ఎఫ్‌ఎల్‌కి కూడా డబ్బు చాలకపోతే రీపర్ అనే ఇంకో పాటల సాఫ్ట్‌వేర్ ఉంది. 60 రోజులు పూర్తిగా వాడి చూడొచ్చు. ఇంట్లో కూర్చుని చిన్నగా సంపాదించేవాళ్లకి లైసెన్స్ 60 డాలర్లే, సేల్ కోసం ఎదురుచూసే పని లేదు. వాయిద్యాల శబ్దాలు దాంతో పెద్దగా రావు, వైటల్ అనే సింథ్ లాంటి ఉచితమైనవి పెట్టుకోవాలి. డప్పు, నాదస్వరం శబ్దాల లైబ్రరీ సేల్‌లో కనిపించగానే ఎగిరి కొనేయకు. అలాంటి వాటిలో చాలావాటికి కాంటాక్ట్ అనే, శబ్దాల లైబ్రరీలు నడిపే ప్లగిన్ పూర్తి వెర్షన్ కావాలి, ఉచితంగా దొరికే కాంటాక్ట్ ప్లేయర్‌లో అవి కాసేపు నడిచి ఆగిపోతాయి. నెలనెలా కట్టే ప్లాన్ల వైపు కూడా పోకు. 2023 మార్చిలో వేవ్స్ అనే ప్లగిన్ల కంపెనీ ఇక నుంచి అన్నీ చందా మీదే అని ప్రకటించింది. వాడేవాళ్లు గొడవ చేసేసరికి కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది, అది వేరే సంగతి, కానీ అందరూ ప్రతిసారీ వెనక్కి తగ్గరు. పాటకి రెండు వేలు వచ్చేవాడికి, అవి కూడా టైముకి రానివాడికి, నెల తిరిగేసరికి కట్టాల్సిన బాకీ ఎందుకు?

క్రాక్ గురించి నీతి పాఠం చెప్పను, మానేస్తున్నావు కాబట్టి. ఆ ల్యాప్‌టాప్‌లోనే బ్యాంకు లాగిన్ ఉంటుంది కదా, ఆ క్రాక్ ఫైళ్లలో ఏం దూరి కూర్చుందో ఎవరికి తెలుసు? పాటలు బయటికి కాపీ చేసుకుని, విండోస్ కొత్తగా ఎక్కించి, అప్పుడు లైసెన్స్ వేసుకో.

ఇప్పుడు తిట్లు. చీటీ ముందే పాడటం అంటే ఏంటో తెలుసా? మొదటి నెలల్లో పాడితే కోత ఎక్కువ పడుతుంది, నీ సేల్‌లో తగ్గిన వేలు ఆ కోతలో పోతాయి, ఆ తర్వాత చివరి నెల దాకా వాయిదాలు అమ్మే కట్టాలి. అసలు ఆ చీటీ దేనికోసం వేసిందో అడిగావా? చెల్లి ఫీజుకో, ఇంటి రిపేరుకో, ఆవిడ లెక్క ఆవిడకి ఉంటుంది. రేపు నాన్న చీటీ డబ్బు ఏదని అడిగితే ఆయన ముందు నిలబడి సమాధానం చెప్పాల్సింది అమ్మ. నువ్వు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గదిలో ఉంటావు. ఆవిడ ప్రేమతోనే అంది, నాకు తెలుసు, కానీ 24 ఏళ్ల కొడుకు ఆ మాటకి వద్దమ్మా అనాలి.

డబ్బు ఎక్కణ్నుంచి అంటావా, నీ ఉత్తరంలోనే ఉంది. కొందరు ఇంకా ఇవ్వాలి అని రాశావు. ఎవరు ఎంత ఇవ్వాలో ఇవాళ కూర్చుని రాయి, ఫోన్ చెయ్యి. సిగ్గు పడకు, "అన్నా, లైసెన్స్ కొంటున్నాను, ఈ వారం పంపండి" అని మామూలుగా చెప్పు. ఇకమీదట సగం అడ్వాన్స్ లేకుండా పని మొదలుపెట్టకు, మిగతా సగం అందాకే ట్రాకులు పంపు. ఈ నాలుగు రోజుల్లో వసూలైతే సేల్ ధరకే కొంటావు, కాకపోతే వచ్చే సేల్‌కి.

ఆ కాగితమే నాన్నకి చూపించు. మన ఇళ్లలో నాన్నలకి పాట నచ్చకపోవడం కంటే, పాట వల్ల కొడుకు ఏమైపోతాడో అన్న భయమే ఎక్కువ, తెల్లవారుజామున డ్యూటీకి లేచి వెళ్లే మనిషికి రాత్రి రెండింటి దాకా నీ గదిలో లైటు వెలుగుతుంటే ఆ భయం పెరగదా? ఏడాదిలో ఎన్ని పాటలు చేశావు, ఎంత వచ్చింది, ఎంత రావాలి, సాఫ్ట్‌వేర్‌కి ఎంత పెడుతున్నావు అన్నీ చెప్పు. పరీక్ష ఏ నెలలో రాస్తున్నావో కూడా చెప్పు, ఆ తారీఖు దాచి పాటల గురించి మాత్రమే మాట్లాడితే ఆయన నమ్మరు. ఇందులో అమ్మని మధ్యవర్తిని చెయ్యకు. ఆయన సెలవు రోజు, భోజనం అయ్యాక, నువ్వే వెళ్లి కూర్చో. కోప్పడితే కోప్పడనీ, మాట పూర్తయ్యేదాకా విను, వెంటనే ఒప్పుకోవాలని పట్టుబట్టకు. డబ్బు నీది కాబట్టి నువ్వు అడుగుతున్నది అనుమతి కాదు, ఆయనకి తెలిసి చేస్తున్నావంతే.

ఇంకొకటి, కొనే రోజు కంగారు పడకుండా. చాలా కార్డుల్లో విదేశీ చెల్లింపులు మొదట్లో ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకుని, కొన్నాక మళ్లీ ఆఫ్ చెయ్యి. చూపించిన డాలర్ల ధర మీద 18 శాతం జీఎస్టీ, దాని పైన కార్డువాళ్ల విదేశీ మారకం ఛార్జీ పడొచ్చు, వసూలు చేసే బాకీల లెక్కలో ఆ రెండూ కలిపి రాసుకో.