ఇంజెక్షన్ తేదీయే దాని పుట్టినరోజు

చిరంజీవి స్వాతికి, పెదనాన్న దీవెనలు.

'14వ రోజు స్లైడులో ఒక్క స్పైన్ కూడా లేదు, వైరస్ పాడైనట్టుంది' అని రాశావు. స్పైన్ అంటే న్యూరాన్ కొమ్మ మీద సంకేతాలు అందుకునే బుల్లి మొటిమే కదా. వైరస్‌కేం కాలేదు తల్లీ, నువ్వే తొందరపడ్డావు. ఆకుపచ్చ రంగు జన్యువును మోసుకెళ్లే మన రెట్రోవైరస్ విభజన జరుగుతున్న కణంలోనే పనిచేస్తుంది కాబట్టి, ఇంజెక్షన్ ఇచ్చిన తేదీయే ఆ ఆకుపచ్చ న్యూరాన్ పుట్టినరోజనుకో. చిట్టెలుక మెదడులో కొత్త న్యూరాన్లు పుట్టే డెంటేట్ గైరస్‌లో దాని ఆక్సాన్, అంటే సంకేతాలు పంపే పొడవాటి తీగ, పది పన్నెండు రోజులకు పక్కనున్న సీఏ3 ప్రాంతం చేరుతుంది. స్పైన్లు 16వ రోజు ప్రాంతంలో గానీ మొలవవు. ఈలోగా చాలా కణాలు చచ్చిపోతాయి. లెక్క తగ్గిందని కంగారుపడకు, అది నీ చేతి తప్పు కాదు.

పంజరాల చీటీలు మాత్రం జాగ్రత్త. పరుగు చక్రం ఉన్న ఎలుకల్లో కొత్త న్యూరాన్లు ఎక్కువ పుడతాయి. ఒకసారి చీటీ ఊడిపోతే, గుర్తుందిలే అని నేనే అంటించేశాను. రెండు నెలల లెక్కలు చెత్తబుట్టలోకి పోయాయి!

ఇక నువ్వడిగిన అసలు సంగతి, కొత్త న్యూరాన్ పాతవాటితో ఎలా కలుస్తుందని. కొత్త కణం ఖాళీ చోటు వెతుక్కోదు. వెంట్రుక లాంటి ఫిలోపోడియం చాచి, అప్పటికే పాత న్యూరాన్‌తో సినాప్స్ (సంకేతం దాటే కూడలి) ఉన్న ఆక్సాన్ బొడిపె దగ్గరికే ఎక్కువగా పోతుంది. కొన్నాళ్లు ఆ ఒక్క బొడిపె మీదే పాతదీ కొత్తదీ సర్దుకుంటాయి, బస్సులో ఇద్దరి సీటు అంచున మూడోమనిషి కూర్చున్నట్టు. పోనుపోను కొత్తదే మిగులుతుందేమోనని 2007లో సాల్క్ సంస్థ బృందం రాసింది. వాళ్లు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి ఆ మాటన్నారు. నువ్వు నీ కాన్ఫోకల్ (లేజర్ కాంతి) మైక్రోస్కోపులో ఆకుపచ్చ, ఎరుపు కలిసి పసుపు కనబడగానే సినాప్స్ అని రాసేయకు. సినాప్స్‌లోని సందు 20 నానోమీటర్లు, నీ కాన్ఫోకల్ 200 దగ్గరే చేతులెత్తేస్తుంది. 'ఆనుకున్నట్టు కనిపించింది' అని రాయి, చాలు.

మనుషుల జోలికి ఇప్పుడే పోకు. పెద్దవాళ్ల మెదడులోనూ కొత్త న్యూరాన్లు చూశామని 1998లో అన్నారు. 2018లో ఒక బృందం కనబడలేదంది, అదే ఏడాది ఇంకొక బృందం ఉన్నాయంది. చనిపోయాక మెదడును ఎంతసేపటికి భద్రపరిచారన్న దగ్గరే సగం పేచీ. వాకింగ్‌కి వెళ్తే కొత్త కణాలు పుడతాయా అని మీ అమ్మ అడిగితే, చిట్టెలుకలకు పుడతాయని చెప్పు. నడక మాత్రం మాననివ్వకు.

28వ రోజువీ, 56వ రోజువీ స్లైడులు పక్కపక్కన పెట్టుకుని చూడు. లెక్కపెట్టే ముందు, ఏది ఏ గుంపుదో నీకు తెలియకుండా ఇంకెవరిచేతనైనా నంబర్లు వేయించుకో. ఫొటోలు వాట్సాప్‌లో పెట్టకు, నలిగిపోతాయి. మెయిల్ చెయ్యి.

మీ పెదనాన్న