వేరుశనగ ఆకుకు అరువు తెచ్చుకున్న నేర్పు సరిపోతుందా?

ప్రశ్న: మా ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల చేలలో వేరుశనగ ఆకుల ఫొటోలు రెండు వేల దాకా తీశాము. తిక్కాకు మచ్చ తెగులును, తుప్పు తెగులును కంప్యూటరు గుర్తుపట్టేలా చేయాలని మా ఉద్దేశం. మెషిన్ లెర్నింగుకు లక్షల్లో డేటా ఉండాలని, మా ఫొటోలు ఏ మూలకూ చాలవని తోటివారు అంటున్నారు. ఒక పనికి కంప్యూటరు నేర్చుకున్నదాన్ని మరో పనికి వాడుకునే ట్రాన్స్‌ఫర్ లెర్నింగుతో పని జరుగుతుందా?
– ఎం.సి.ఎ. విద్యార్థి, అనంతపురం

జవాబు: జరుగుతుంది. మోడల్‌కు, అంటే ఫొటోలు చూసి నేర్చుకునే ప్రోగ్రాముకు, ఓనమాల నుంచి నేర్పాలనుకుంటే మీ తోటివారి మాట నిజమే. ఫొటోలో ఉన్నదేమిటో కంప్యూటరు చేత గుర్తింపజేసే ఇమేజ్‌నెట్ పోటీకి వాడిన డేటాలో 1,000 రకాలకు చెందిన సుమారు 12 లక్షల 80 వేల ఫొటోలు ఉన్నాయి. వాటితో శిక్షణ పొందిన రెస్‌నెట్ వంటి మోడల్, అంచులను, రంగుల తేడాలను, గరుకు నునుపులను పసిగట్టడం తొలి పొరలలోనే (పొర అంటే ఫొటో వరుసగా దాటే లెక్కల దశ) నేర్చుకుంటుంది. ఇది కుక్క, ఇది కారు అని తేల్చే పని చివరి పొరలది. తొలి పొరల నేర్పు ఆకు మీది మచ్చకూ పనికి వస్తుంది కనుక, వాటిని కదపకుండా ఉంచి, ఆఖరి పొరను మాత్రం తీసివేసి, మీకు కావలసిన మూడు నాలుగు రకాలకు సరిపడే కొత్త పొరను పెట్టి దానికే శిక్షణ ఇవ్వండి. అది కుదురుకున్నాక చివరివైపు పొరలు కొన్నింటికి కూడా శిక్షణ ఇవ్వవచ్చు గానీ, లెర్నింగ్ రేటును, అంటే ఒక్కో అడుగులో మోడల్ ఎంత మారాలన్న కొలతను, బాగా తగ్గించాలి. లేకపోతే అరువు తెచ్చుకున్న నేర్పు కాస్తా చెరిగిపోతుంది.

అయితే, ఫొటోలు ఎన్ని అన్నదాని కంటే వాటిని ఎక్కడ, ఎలా తీశారన్నదే ఇక్కడ అసలు సంగతి. మొహంతి, హ్యూస్, సలాతే అనే పరిశోధకులు 2016లో, పంటల తెగుళ్ల ఫొటోలు సేకరించిన ప్లాంట్‌విలేజ్ వారి 54,306 ఆకుల ఫొటోలతో ఇదే పద్ధతిని పరీక్షించినప్పుడు 99.35 శాతం వరకు సరైన జవాబులు వచ్చాయి. వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు చూపేసరికి అది 31 శాతం దగ్గరకు పడిపోయింది. ఆ ఆకులను విడిగా, సాదా నేపథ్యం మీద పెట్టి ఫొటో తీశారు మరి. పైగా అందులోని 14 పంటల్లో వేరుశనగ లేనే లేదు. మీ ఫొటోలకు విలువ ఉన్నది అందుకే.

మీ దగ్గర తెగులు సోకిన ఆకులన్నీ అనంతపురం ఎర్రనేలలోవి, ఆరోగ్యంగా ఉన్నవన్నీ కర్నూలు వైపు నల్లరేగడిలోవి అయితే, మోడల్ ఆకును వదిలి మట్టి రంగును చూసి తీర్పు చెప్పినా మీకు మంచి మార్కులే కనిపిస్తాయి. ఒకే మొక్కను మూడు కోణాల్లో తీసిన ఫొటోలలో రెండు శిక్షణకూ ఒకటి పరీక్షకూ వెళ్లినా ఇదే మోసం జరుగుతుంది. అందుచేత ఫొటోలన్నింటినీ కలగలిపి విడదీయకుండా, కొన్ని చేలను పూర్తిగా పరీక్షకే కేటాయించండి. తుప్పు పొక్కులు ఎక్కువగా ఆకు అడుగున ఉంటాయి కాబట్టి రెండు వైపులా ఫొటోలు తీయడం మంచిది.

ఫలితాన్ని ఒకే శాతంగా చెప్పకండి. రెండు వేలలో 1,700 ఆరోగ్యకరమైన ఆకులే అయితే, ఏది చూపినా ‘బాగుంది’ అనే మోడల్‌కు కూడా 85 శాతం వస్తుంది. ఒక్కో తెగులులో ఎన్నింటిని పట్టుకున్నది, ఎన్నింటిని వదిలేసినది విడివిడిగా రాయాలి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు. ఇలాంటి శిక్షణ సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఆఖరి పొరకు మాత్రమే శిక్షణ ఇచ్చేటట్లయితే సాధ్యమే. ప్రతి ఫొటోనూ కదపని పొరల గుండా ఒక్కసారి పంపి, వచ్చిన అంకెలను ఫైలులో దాచుకోండి. ఆ తరువాత శిక్షణంతా ఆ అంకెల మీదనే కనుక మామూలు ప్రాసెసరుకు అది పెద్ద భారం కాదు. ఫొటోలను తిప్పి, వెలుతురు మార్చి కొత్త నమూనాలు చేయదలిస్తే మాత్రం వాటికీ అంకెలు ముందే లెక్కించి పెట్టుకోవలసి ఉంటుంది.