చైన్ సాలో ఏ ఆయిల్ పోయాలి? వాడేసిన ఇంజన్ ఆయిల్ మాత్రం వద్దు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: ఆరు నెలల కింద 58 సీసీ చైన్ సా కొన్నారు. కొబ్బరి మానులు, సరుగుడు కోస్తున్నారు. పది నిమిషాలు నడిపేసరికి బార్ (చైన్ తిరిగే పొడవాటి ఇనుప పలక) సలసలా కాలిపోయి పొగ వస్తోంది. మీ ఊళ్లో చైన్ ఆయిల్ దొరకడం లేదు. మెకానిక్ ట్రాక్టర్ నుంచి దించిన పాత ఆయిల్ పోసుకోమన్నాడు. పోయవచ్చా, లేకపోతే ఇంకేం పోయాలి అని అడిగారు.

పోయకండి. ఆ పని మేం చేసి చూశాం కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లవారి వెళ్లి చూస్తే మా తోటలో నిలబడ్డ చెట్ల కంటే పడిపోయినవే ఎక్కువ. పడిన కొబ్బరి మానును అలాగే వదిలేస్తే కుళ్లి కొమ్ము పురుగు గుడ్లు పెట్టే చోటవుతుంది, ఆ పురుగు మిగిలిన చెట్ల మొవ్వును తొలిచేస్తుంది. అందుకని మానులన్నీ త్వరగా కోసి బయటికి తరలించాలి. ఆ రోజుల్లో అద్దెకు మిషన్ దొరికే పరిస్థితి లేదు. చిన్నాన్నా నేనూ కలిసి ఒకటి కొన్నాం. చైన్‌కు ఏ ఆయిలైనా పర్వాలేదని షాపులో చెప్పారు. ఇంట్లో ట్రాక్టర్ సర్వీసింగ్‌లో తీసిన నల్ల ఆయిల్ ఒక క్యాను ఉంది. అదే పోశాం.

మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం చైన్ మీద తడి కనిపించడం మానేసింది. పక్క కవర్ విప్పితే లోపల తారులాంటి ముద్ద. ఆ నల్ల ఆయిల్, రంపపు పొట్టు, కొబ్బరి పీచు కలిసి గట్టిగా నొక్కిన దూదిలా తయారై, బార్‌కు ఆయిల్ వెళ్లే రంధ్రాన్ని పూర్తిగా మూసేసింది. బార్ గాడి లోపలి గోడలు అరిగిపోయి చైన్ అటూ ఇటూ ఊగుతోంది. ఆయిల్ పంపులో ఉండే మర గేరు పళ్లు కూడా అరిగిపోయాయి. చైను, బార్, పంపు మూడూ మార్చాల్సి వచ్చింది. అంతకంటే నన్ను బాధపెట్టింది చిన్నాన్న చేతులు. మోచేతి దాకా నల్లటి చుక్కలతో గుల్లలు లేచాయి. ఆ ఆయిల్ ముట్టడం ఆపేస్తే గానీ తగ్గదని చర్మం డాక్టరు చెప్పారు.

కారణం కష్టమైనదేమీ కాదు. ఇంజన్‌లో తిరిగి తిరిగి వచ్చిన ఆయిల్‌లో సన్నటి లోహపు పొడి, మసి, ఆమ్లాలు ఉంటాయి. బార్ గాడిలో ఆ పొడి ఆకురాయిలా పని చేస్తుంది. పైగా ఇంజన్‌లో లాగా ఇక్కడ ఆయిల్ తిరిగి ట్యాంకులోకి రాదు. చైన్‌తో పాటు ముందుకెళ్లి, కొంత గాలిలో తుంపరగా లేచి, మిగతాదంతా నేల మీద పడుతుంది. 58 సీసీ మిషన్లలో చైన్ ఆయిల్ ట్యాంకు సుమారు 260 మిల్లీలీటర్లు. రోజుకు ఎనిమిది ట్యాంకులు కోశారంటే రెండు లీటర్ల ఆయిల్ మీ చెట్ల మొదళ్లలోకే పోతుంది. కోసేవాడు ఆ తుంపర పీలుస్తాడు కూడా. వాడేసిన ఇంజన్ ఆయిల్‌లో క్యాన్సర్ కారకాలు ఉంటాయన్నది తెలిసిన విషయమే. ఉద్దానంలో నీళ్ల గురించి, కిడ్నీల గురించి మాకున్న భయం మీరు వినే ఉంటారు. నా బావి పక్కన ఆ నలుపు చల్లడానికి ఇప్పుడు నాకు చేతులు రావు.

ఆయిల్ సంగతికి వచ్చే ముందు ఒకటి తేల్చుకోవాలి. మీ చైన్‌కు అసలు ఆయిల్ అందుతోందా? పొగ వస్తోందంటే తప్పు ఆయిల్‌దే అనుకోనక్కర్లేదు. మిషన్ స్టార్ట్ చేసి, బార్ మూతిని ఒక పాత అట్టపెట్టె ముక్కకు జానెడు దూరంలో పట్టుకుని సగం యాక్సిలరేటర్ ఇవ్వండి. చైన్ అట్టకు తగలకూడదు. అర నిమిషంలో అట్ట మీద సన్నటి ఆయిల్ గీత పడాలి. పడిందంటే పంపు పని చేస్తున్నట్టే, అప్పుడు చైన్ పదును, బిగువు చూడాలి. పడలేదంటే ఇంజన్ ఆపి, కవర్ తీసి, బార్‌ను బయటికి తీయండి. బార్ వెనక భాగంలో చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని సన్నటి తీగతో పొడవండి. గాడి మొత్తాన్ని పాత హాక్సా బ్లేడ్ ముక్కతో గీకి మురికి లాగేయండి. ఈసారి బార్‌ను తలకిందులుగా బిగించండి. ఎప్పుడూ ఒకే అంచు మీద భారం పడితే ఆ వైపే అరుగుతుంది కాబట్టి చైన్ సానపెట్టిన ప్రతిసారీ బార్‌ను తిరగేయడం మంచి అలవాటు.

అయినా ఆయిల్ రాకపోతే ట్యాంకు మూత కొద్దిగా వదులు చేసి చూడండి. అప్పుడు గీత పడిందంటే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయిందని అర్థం. మా రెండో మిషన్‌కు ఇదే జరిగింది. మొదటి ఐదు నిమిషాలు ఆయిల్ వచ్చేది, తర్వాత ఆగిపోయేది. పంపు పోయిందని కొత్తది కొనబోయి ఆగాం.

ఇక ఏ ఆయిల్ అన్నది. చైన్ ఆయిల్ అని ప్రత్యేకంగా అమ్మేదాంట్లో జిగురు గుణం కోసం ఒక పదార్థం కలుపుతారు. రెండు వేళ్ల మధ్య రాసి విడదీస్తే సన్నటి దారంలా సాగుతుంది. చైన్ సెకనుకు ఇరవై మీటర్ల చొప్పున పరుగెడుతుంది. బార్ మూతి దగ్గర గిర్రున మళ్లేటప్పుడు మామూలు ఆయిల్ అక్కడికక్కడే విసిరేసినట్టు చెదిరిపోతుంది, జిగురున్న ఆయిల్ అంటుకుని కింది అంచు దాకా వస్తుంది. కోత పడేది ఎక్కువగా కింది అంచు మీదే కాబట్టి ఆ తేడా చాలా పెద్దది. స్టిల్, హస్క్‌వర్నా డీలర్ల దగ్గర ఇది ఉంటుంది. మీ ఊళ్లో లేకపోతే జిల్లా కేంద్రంలోనో, ఆన్‌లైన్‌లోనో ఐదు లీటర్ల డబ్బా ఒకేసారి తెప్పించుకోండి. నేను అలాగే చేస్తున్నాను. మన ఎండలకు కాస్త చిక్కటిదే మంచిది. పల్చటి ఆయిల్ ఏప్రిల్, మే నెలల్లో నీళ్లలా జారిపోతుంది. అరకు, పాడేరు వైపు చలికాలం పొద్దున్నే కోసేవాళ్లకు మాత్రం మరీ చిక్కటిదైతే పంపు లాగదు.

అది వచ్చేదాకా పని ఆగకూడదంటే కొత్త 20డబ్ల్యూ-40 ఇంజన్ ఆయిల్ పోయండి. సీలు తీసిన కొత్త డబ్బా లోనిది, వాడినది కాదు. జిగురు ఉండదు కాబట్టి త్వరగా చెదిరిపోతుంది. మిషన్ అడుగున ఆయిల్ ఎంత వదలాలో సరిచేసే స్క్రూ ఉంటే కొద్దిగా పెంచుకోండి, ఎటు తిప్పాలో పక్కనే గుర్తు ఉంటుంది. ట్రాక్టర్ గేర్‌బాక్స్‌లో పోసే 90 నంబర్ ఆయిల్ చాలామంది వాడతారు. పేరులో 90 ఉంది కదా అని మరీ గట్టిదనుకుంటారు గానీ గేర్ ఆయిల్ కొలత వేరు, చిక్కదనంలో అది 40, 50 నంబర్ ఇంజన్ ఆయిల్‌కు దగ్గరగానే ఉంటుంది. ఎండాకాలంలో పని చేస్తుంది. కానీ ఆ గంధకం కంపు రోజంతా బట్టలకు, ముక్కుకు పట్టుకుంటుంది. నాకు నచ్చలేదు.

వంటనూనె గురించి కూడా మీరు అడుగుతారనుకుంటున్నాను, ఎందుకంటే కొబ్బరి రైతుకు ముందు వచ్చే ఆలోచన అదే. యూరప్‌లో ఆవజాతి గింజల నూనెతో చేసిన చైన్ ఆయిల్ అమ్ముతారు, అది నేలలో కలిసిపోతుంది. మనం కూడా వాడొచ్చు గానీ కొబ్బరి నూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది, పామాయిల్ కూడా అంతే. ఒకసారి వేరుశనగ నూనె పోసి నెలరోజులు మిషన్‌ను మూల పెట్టేశాను. తీసి చూస్తే చైన్ లింకులు వార్నిష్ వేసినట్టు బిగుసుకుపోయాయి, కిరసనాయిల్‌లో రెండు రోజులు నానబెడితే గానీ కదల్లేదు. రోజూ కోసేవాళ్లకైతే పర్వాలేదు. అప్పుడప్పుడూ తీసేవాళ్లు వంటనూనె పోస్తే పని కాగానే చైను, గాడి శుభ్రం చేసి పెట్టాలి.

ఒక మాట, కొత్తగా కొన్నవాళ్లు చాలామంది దీంట్లో పొరబడుతున్నారు. పెట్రోల్‌లో కలిపే టూ-టీ ఆయిల్ ఇంజన్ కోసమే. దానిలో ఒక్క చుక్క కూడా చైన్‌కు రాదు. రెండు ట్యాంకులూ వేరు. పెట్రోల్ నింపిన ప్రతిసారీ చైన్ ఆయిల్ కూడా నింపండి, పెట్రోల్ అయిపోయేసరికి ఆయిల్ ట్యాంకులో అడుగున కాస్త మిగలాలి. పెట్రోల్ అయిపోయినా ఆయిల్ నిండుగానే ఉందంటే చైన్ ఎండిపోయి తిరిగినట్టే, వెంటనే ఆపి చూడాలి. టూ-టీ ఎంత కలపాలో మీ మిషన్ పుస్తకంలో ఉంటుంది. 25:1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50:1 అంటే 20. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది తేమను లాగుతుంది. నెల దాటిన మిశ్రమం వాడకండి. మిషన్ పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి వదిలేయండి.

ఇప్పుడు మీ పొగకు నేను ఎక్కువగా అనుమానించేది చెబుతాను: చైన్ మొద్దుబారి ఉంటుంది. కొబ్బరి మాను పై పొర గట్టి పీచు, పంటిని త్వరగా తినేస్తుంది. దానికి తోడు మన తీరంలో పడిన మానుకు ఇసుక పట్టి ఉంటుంది. నేను కోసే ముందు కోత పడే చోట కొబ్బరి చీపురుతో గట్టిగా తుడుస్తాను. మొద్దు కింద రెండు పట్టెలు దూర్చి పైకి లేపుతాను. చైన్ మూతి ఒక్క క్షణం నేలను తాకినా పదునంతా పోతుంది. పదునుగా ఉన్న చైన్ తనంతట తనే చెక్కలోకి దిగుతుంది, పొట్టు పలుకులు పలుకులుగా రాలుతుంది. మీరు బలంగా నొక్కాల్సి వస్తోందా, పిండిలాంటి పొడి రాలుతోందా? అయితే ఏ ఆయిల్ పోసినా బార్ వేడెక్కుతూనే ఉంటుంది.

ఇంజన్ ఆపి, చల్లారాక, చేతికి గ్లవ్స్ తొడుక్కుని మొదలుపెట్టండి. 58 సీసీ మిషన్లలో ఎక్కువ భాగం .325 పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్‌తో వస్తాయి, దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. 3/8 చైన్ అయితే సైజు వేరు, పెట్టె మీద చూసి కొనండి. బార్‌ను వైస్‌లోనో, మొద్దుకు కొట్టిన గాడిలోనో కదలకుండా బిగించి, ఒక పంటికి రంగు గుర్తు పెట్టుకోండి. ఆకురాయిని 30 డిగ్రీల వాలులో, పంటి లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒక్కో పంటికి మూడు నాలుగు తోపులు, అన్ని పళ్లకూ ఒకే లెక్క. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక మిషన్ తిప్పి రెండో వైపు చేయండి. ఒక వైపు పళ్లు పొడవుగా, మరో వైపు పొట్టిగా ఉంటే కోత వంకరగా పోయి బార్ ఇరుక్కుంటుంది. పదును వచ్చిన పంటి కొసను వెలుతురులో చూస్తే అంచు మీద తెల్లటి మెరుపు కనపడదు, మెరిసిందంటే ఇంకా మొద్దుగానే ఉంది. నాలుగైదుసార్లు సానపెట్టాక పంటి ముందున్న చిన్న గుబ్బ ఎత్తు కూడా చూడాలి. పంటి కొస కంటే అది సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. దాన్ని అంచనా మీద అరగదీయకండి, గేజ్ కొనండి. మరీ కిందికి దిగితే చైన్ ఒక్కసారిగా కొరికి మిషన్ ఎగిరి మీదికి వస్తుంది.

బిగువు సంగతి: చల్లగా ఉన్నప్పుడు చైన్ బార్ కింది అంచుకు ఆనుకుని ఉండాలి, బ్రేక్ తీసి చేత్తో లాగితే సులువుగా తిరగాలి. బిగించేటప్పుడు బార్ మూతిని పైకెత్తి పట్టుకోండి. కొత్త చైన్ మొదటి గంటలో బాగా సాగుతుంది, మధ్యమధ్యలో ఆపి చూస్తుండాలి. వేడి మీద బిగించిన చైన్‌ను పని అయ్యాక తప్పకుండా వదులు చేయండి. చల్లారేటప్పుడు కుంచించుకుపోయి బేరింగుల మీద భారం పడుతుంది.

ఈ రోజే అట్ట పరీక్ష చేసి, గీత పడిందో లేదో, మీ చైన్ రాల్చేది పలుకులో పొడో కింద రాయండి. గీత పడకపోతే పంపు విప్పి చూసే పద్ధతి చెబుతాను.