కళ్లు మూసుకుంటే ప్రమాదమే కనిపిస్తోందా? కళ్లు తెరిచే మొదలుపెట్టండి

బైక్ ప్రమాదం జరిగి ఏడాదైనా లారీ హారన్ వింటే దడ పుడుతోందని, ధ్యానానికి కళ్లు మూసుకుంటే ఆ దృశ్యమే కనిపిస్తోందని, నిద్ర కూడా పట్టడం లేదని రాశారు. ఇది పిరికితనం కాదండీ. ప్రాణం మీదికొచ్చిన క్షణాన్ని శరీరం గుర్తుపెట్టుకుని, ఆ శబ్దం వినగానే మిమ్మల్ని కాపాడాలని చూస్తోంది.

ధ్యానం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఇలాంటప్పుడు కళ్లు మూసుకుని లోపలికి చూడటం కొందరిలో భయాన్ని ఇంకా పెంచుతుంది. దడ మొదలవగానే కళ్లు తెరిచే ఉంచి, తల మెల్లగా తిప్పుతూ చుట్టూ ఉన్నవి చూడండి: తలుపు, కిటికీ, గోడ మీద క్యాలెండర్. పాదాలు నేలకు ఆనించి గచ్చు చల్లదనం తెలిసేదాకా ఆగండి. ఊపిరి పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి, వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. ఛాతీలో బిగుతు భరించలేనట్టుంటే దాన్నే పట్టుకుని కూర్చోకండి, అరచేతుల మీదికి ధ్యాస మార్చండి. రెండు మూడు నిమిషాలు చాలు. బాగున్న రోజుల్లోనూ చేస్తేనే అవసరానికి అందుతుంది. బండి మీద ఉంటే మాత్రం పక్కకు ఆపాకే ఇవన్నీ.

నిద్ర కూడా పోయింది కాబట్టి వీటితోనే సరిపెట్టుకోవద్దు, దయచేసి. దీనికి ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకం తీవ్రతను తగ్గించేది), ట్రామా సీబీటీ (ప్రమాదం తాలూకు ఆలోచనలను, భయాలను మాటల ద్వారా సరిచేసేది) లాంటి మానసిక చికిత్సలున్నాయి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.