ఉద్యోగిని పార్టనర్‌ను చేస్తామంటే: బరంపురం ప్రశ్నకు నా జవాబు

ఒడిశాలోని బరంపురంలో పన్నెండు మంది పనిచేసే టాక్స్ కన్సల్టెన్సీలో 11 సంవత్సరాలుగా ఉద్యోగం చేస్తున్నారు, మొత్తం జీతం 24,000 రూపాయలు, అందులో బేసిక్ 8,000. యజమాని పది శాతం వాటాతో పార్టనర్‌గా చేరమంటున్నారు, సంతకం పెట్టవచ్చా అని మీ ప్రశ్న. పెట్టవచ్చు. అయితే ఆ సంతకంతో మీ ఉద్యోగం ముగిసిపోతుందన్న సంగతి ఆయన మీకు చెప్పి ఉండరు, బహుశా ఆయనకూ తట్టి ఉండదు. నేను న్యాయవాదిని కాను. రాయగడలో సర్వేలు, ఇంటి ప్లాన్లు చేసే ఒక సంస్థలో ఎనిమిదేళ్లు జీతానికి పనిచేసి, 2014లో పార్టనర్‌నై, 2019లో బయటికి వచ్చినవాణ్ణి. ఆ దారిలో తగిలిన దెబ్బల వల్ల నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

భాగస్వామి తన సంస్థకు తానే ఉద్యోగి కాలేడు. నెలనెలా జీతంలాంటి మొత్తం తీసుకుంటున్నా భాగస్వామి ఈఎస్ఐ చట్టం కింద ఉద్యోగి కాడని సుప్రీంకోర్టు రామానుజ మ్యాచ్ ఇండస్ట్రీస్ కేసులో ఏనాడో తేల్చింది. కనుక డీడ్ (భాగస్వామ్య ఒప్పంద పత్రం) మీద తేదీ పడే ముందే మీ పాత లెక్క తెగాలి. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట అయిదేళ్లు నిండినవారికి గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు చేసిన సేవకు ఇచ్చే మొత్తం, అడిగే హక్కు ఉంది. ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున, నెల వేతనాన్ని 26తో భాగించి లెక్క వేస్తారు. బేసిక్ 8,000 మీద అయితే మీకు 50,769 రూపాయలు వస్తుంది. కానీ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన నాలుగు లేబర్ కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించితే, మించిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. మీకు అలవెన్సులు 16,000, సగం 12,000. మించిన 4,000 బేసిక్‌కు చేరి వేతనం 12,000 అవుతుంది, గ్రాట్యుటీ 76,154 అవుతుంది. ముందు రాజీనామా లేఖ ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. రాజీనామా చేసినవారికి రావలసిన వేతన బకాయిలు రెండు పనిదినాలలో చెల్లించాలని కొత్త వేతన కోడ్ చెబుతోంది. గ్రాట్యుటీకి మాత్రం ముప్పై రోజుల గడువు ఉంది.

నేను ఆనాడు ఇవేవీ అడగలేదు. మా పెద్ద పార్టనర్ నాకు మామయ్య వరుస అవుతారు. పార్టనర్‌ను చేస్తున్న మనిషిని పట్టుకుని గ్రాట్యుటీ మాట ఎత్తడమేమిటన్న మొహమాటంలో ఎనిమిదేళ్ల లెక్క అలాగే పోయింది.

డీడ్‌లో మీరు వెతకవలసిన మొదటి వాక్యం వాటా గురించి కాదు, మీ నెలవారీ పారితోషికం గురించి. భాగస్వామ్య చట్టం, 1932లోని 13వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో రాయకపోతే పనిచేసినందుకు ఏ భాగస్వామికీ పారితోషికం అడిగే హక్కు లేదు. ఏడాదంతా కూర్చుని జీఎస్టీ రిటర్న్‌లు వేసినా, ఏడాది చివర లాభం మిగిలితేనే మీ పది శాతం. ఆదాయపు పన్నులో సంస్థకు ఆ ఖర్చు మినహాయింపుగా రావాలన్నా డీడ్‌లో అది ఉండి తీరాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి భాగస్వామికి ఇచ్చే పారితోషికం, కమీషన్, వడ్డీ కలిపి ఏడాదికి 20,000 దాటితే సంస్థ పది శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) పట్టుకోవాలి. ఇంతకాలం చేతికందిన 24,000 స్థానంలో 21,600 వస్తే కంగారు పడకండి. మీ పన్ను అంత లేకపోతే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. లాభంలో వాటాకు ఈ కోత లేదు.

భాగస్వామ్య సంస్థల రిజిస్ట్రార్ దగ్గర సంస్థ రిజిస్టర్ అవుతుందా, ఆ రిజిస్టర్‌లో మీ పేరు ఎక్కుతుందా అన్నది తప్పక అడగండి. ఎక్కకపోతే, రేపు వాటా ఇవ్వనంటే, సంస్థను రద్దు చేయమని అడగడం తప్ప డీడ్ పట్టుకుని తోటి భాగస్వామి మీద దావా వేయలేరు. అదే భాగస్వామ్య చట్టంలోని 69వ సెక్షన్ అడ్డుపడుతుంది. ఇక పది శాతం వాటాదారు అప్పులకు కూడా పది శాతమే బాధ్యుడన్న అపోహ మన వైపు చాలామందికి ఉంది. మీరు చేరిన తరువాత సంస్థ చేసే ప్రతి అప్పుకూ మీ ఇల్లు, పొలం సహా పూర్తిగా బాధ్యులవుతారు. చేరకముందు చేసిన అప్పులు మీ మీద పడవు, కానీ చేరిన రోజున ఉన్న బాకీల పట్టిక డీడ్‌కు జతచేయించుకోకపోతే ఏది ముందు, ఏది తరువాత అని ఎవరు తేలుస్తారు? ఈ భయం ఎక్కువగా ఉంటే బాధ్యతకు హద్దు ఉండే ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యతా భాగస్వామ్యం) పెట్టమని అడగవచ్చు, కాకపోతే ఏటా ఫారాల బాదరబందీ ఉంటుంది.

బయటికి వచ్చే రోజు గురించి కూడా ఇప్పుడే రాయించుకోండి. 2019లో నేను మామయ్యకు నమస్కారం పెట్టి, తాళాలు ఇచ్చి, పర్లాకిమిడి బస్సెక్కాను. రెండేళ్ల తరువాత విశాఖపట్నం నుంచి సర్వే పరికరాల వ్యాపారి నోటీసు వచ్చింది: నేను వెళ్లిపోయాక సంస్థ అరువుకు తీసుకున్న టోటల్ స్టేషన్ అనే కొలతల యంత్రం తాలూకు బాకీ. పాత బిల్లుల మీద నా సంతకాలు చూసినవాడికి నేను మానేసినట్లు ఎవరూ చెప్పలేదు. 32వ సెక్షన్ ప్రకారం బహిరంగ ప్రకటన ఇచ్చేంతవరకు అలాంటివారికి పాత భాగస్వామి బాధ్యుడే. బేరమాడి సగం కట్టాను. రిజిస్టరైన సంస్థ అయితే ఆ ప్రకటన రిజిస్ట్రార్‌కు, అధికారిక గెజిట్‌కు, సంస్థ ఉన్న జిల్లాలో తిరిగే కనీసం ఒక దేశభాషా పత్రికకు వెళ్లాలి. ఒప్పందం ఇంగ్లీషులో, జగడం తెలుగులో, ప్రకటన ఒడియాలో, అదీ మన సరిహద్దు బతుకు. దాని ఖర్చు సంస్థదేననీ, మానిన ముప్పై రోజుల్లో వేయాలనీ డీడ్‌లో ఒక వాక్యం చేర్చమనండి.