ఎడమకు నొక్కితే కిందికెందుకు దిగుతోంది?

పాఠకుల ప్రశ్నలు, నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరి రిపేరు బల్ల నుంచి జవాబులు

ప్రశ్న: అన్నా, నేను డిగ్రీ చదువుతున్న. ఆన్‌లైన్ల తెప్పించుకున్న చిన్న చేతి గేమ్ కన్సోల్ ఉంది. పాత గేమ్‌బాయ్ గేములు ఆడుత. టెట్రిస్‌ల ముక్కను ఎడమకు జరపాలని నొక్కితే ఒక్కోసారి ఉన్నకాడనే సర్రున కిందికి దిగుతది. ఫైటింగ్ గేములు మాత్రం మంచిగనే నడుస్తున్నయి. ప్లస్ బటన్ మొత్తం మార్చాలంటున్నరు. మార్చాల్నా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఇప్పుడే మార్చొద్దు తమ్మీ. ఫైటింగ్ గేములు బాగున్నాయన్నావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. బటన్ కింది రబ్బరు చచ్చిపోతే అన్ని గేముల్లోనూ తెలిసిపోతుంది. నీ దాంట్లో నాలుగు దిక్కులూ పనిచేస్తున్నాయి, కాకపోతే అవసరానికి మించి పనిచేస్తున్నాయి. ఎడమకు నొక్కినప్పుడు పక్కనున్న కింది దిక్కు కూడా తగులుతోంది. ఫైటింగ్ గేముల్లో కింది నుంచి ముందుకు బొటనవేలిని చుట్టూ దొర్లించి గుద్దు బటన్ కొట్టాలి, కాబట్టి మూలలు, అంటే పక్కపక్క దిక్కులు రెండూ కలిసి, తేలిగ్గా తగలడం అక్కడ మేలే చేస్తుంది. టెట్రిస్‌లో ఆట చెడగొట్టేది కూడా అదే.

1982లో గేమ్ అండ్ వాచ్ అనే చిన్న చేతి ఆట మిషన్లలో డాంకీ కాంగ్ ఆట కోసం జపాన్ గేమ్ కంపెనీ నింటెండోలో గున్‌పే యొకొయ్ ఈ ప్లస్ బటన్‌ను తయారుచేశాడు. లోపలి అమరిక ఇప్పటికీ ఇంచుమించు అదే. పైన గట్టి ప్లాస్టిక్ ప్లస్, దాని అడుగున నడిమధ్యలో ఒక బొడిపె. తక్కెడ కాడలాగా ప్లస్ మొత్తం ఆ బొడిపె మీదే ఊగుతుంది. ఒక కొస దిగితే ఎదుటి కొస లేస్తుంది, అందుకే ఎడమ, కుడి ఒకేసారి తగలవు. దాని కింద రబ్బరు పొర, దిక్కుకొకటి చొప్పున నల్లటి కార్బన్ బిళ్లలు. ఇంకా కింద బోర్డు మీద, ఒకదాని పళ్ల సందుల్లోకి ఇంకొకటి దూరినా ముట్టుకోకుండా ఉండే రెండేసి గీతల ప్యాడ్లు. బిళ్ల దిగి ఆ రెండు గీతలనూ కలిపితే చిప్‌కు కబురు అందుతుంది. మధ్య బొడిపె పొట్టిదైనా, రబ్బరు మరీ మెత్తనైనా వేలు కాస్త పక్కకు వాలితే చాలు, పక్క బిళ్ల కూడా దిగిపోతుంది.

విప్పేముందు పరీక్ష చెయ్యి. సెట్టింగ్స్‌లో బటన్ టెస్ట్ ఉంటే తెరువు. ఎడమను నొక్కి పట్టుకుని, వేలు ఎత్తకుండా మెల్లగా కిందికి వాల్చు, తర్వాత పైకి వాల్చు. ఎంత వాలితే పక్క దిక్కు వెలుగుతుందో చూడు. నాలుగు వైపులా ఇట్లాగే చేసి, తప్పుగా వెలిగేవి ఏవో కాగితం మీద రాసుకో. ఆ కాగితం లేకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. అన్ని దిక్కులకూ టేపు అంటించుకుని, ఆపైన ఏదీ సరిగా పలకడం లేదని నా దగ్గరికి తెచ్చేవాళ్లను చాలామందిని చూస్తుంటా.

మీ ఊళ్లో రైస్ మిల్లులెక్కువ, ఊక ధూళి కిటికీలో నుంచి కూడా వస్తుంది. కిటికీ మూసి, ఫ్యాన్ ఆపి కూర్చో. ముందు మెమరీ కార్డు తీసెయ్యి. అది లోపలే ఉండగా మూత గుంజితే విరుగుతుంది. మూత తెరిచాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయడం. వైర్లు పట్టి లాగకుండా ప్లాస్టిక్ ముక్కతో ఎత్తు. తెరను బోర్డుకు కలిపే పల్చని పట్టీకి సన్నని లాక్ ఉంటుంది, దాన్ని లేపాకే పట్టీ జారుతుంది.

ఇక టేపు. మొబైల్ రిపేర్ షాపుల్లో బంగారు రంగు కాప్టన్ టేపు దొరుకుతుంది, పల్చగా ఉంటుంది, జిగురు ఊడిరాదు. తప్పుగా తగిలే ప్యాడ్ మీద మాత్రమే, అంటే నీకు కింది దిక్కుది, బయటి అంచున సన్నని పేలిక అంటించు. బయటి అంచే ఎందుకంటే, ప్లస్ వాలినప్పుడు మధ్య నుంచి దూరంగా ఉన్న కొస ఎక్కువ దిగుతుంది, అక్కడే ముందు తగులుతుంది. ఆ అంచును కప్పేస్తే నిజంగా నొక్కితే తప్ప పలకదు. పేలికను బ్లేడుతో అద్దం మీద కోసుకో, పట్కారుతో పెట్టు, వేలి నూనె ప్యాడ్‌కు తగలనీయొద్దు. ప్యాడ్ మొత్తం కప్పితే ఆ దిక్కే పోతుంది. మూడోవంతు కూడా మించకుండా మొదలుపెట్టి, పరీక్షించి, చాలకపోతే ఒక వెంట్రుక వాసి పెంచు. నాలుగు మూలలూ తప్పుగా తగులుతుంటే మాత్రం ప్యాడ్ల జోలికి పోకుండా, ప్లస్ అడుగున బొడిపె కొన మీద అదే టేపు చిన్న చుక్క అంటించు, ఊగుడు మొత్తం తగ్గుతుంది. బొడిపెను ఆకురాయితో రుద్దడం, ప్యాడ్‌ను గీకడం చేయొద్దు. టేపు నచ్చకపోతే పీకేయొచ్చు, గీకిన కార్బన్ తిరిగి రాదు.

మూసేటప్పుడు స్క్రూను ముందు ఎడమకు తిప్పు. ‘టిక్’మని పాత మర గాడిలో పడ్డట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు కుడికి బిగించు. ప్లాస్టిక్‌లో కొత్త గాడి పడితే ఆ స్క్రూ ఇక నిలవదు. ఒక సంగతి ఆలోచించుకో: టేపు వేశాక ఫైటింగ్ గేముల్లో వేలు దొర్లించినప్పుడు మూల అంత తేలిగ్గా పలకదు. ఏ ఆట ఎక్కువ ఆడతావో దానికి తగ్గట్టు పేలిక వెడల్పు పెట్టుకో.

ప్రశ్న: సార్, మా బాబు ఎనిమిదో తరగతి. గడ్డి కోసే మిషన్‌లో ఎడమ బొటనవేలు నలిగి వంగడం లేదు, మిగతా వేళ్లు బాగున్నాయి. అన్ని గేమ్ మిషన్లకూ దిక్కుల బటన్ ఎడమవైపే ఉంటుంది. కుడివైపుకు మార్చవచ్చా?
– ఒక తల్లి, దేవరకొండ

జవాబు: మార్చవచ్చమ్మా, ముందు ఏమీ విప్పకుండానే. పాత గేములు నడిపే చేతి కన్సోళ్లలో చాలావాటికి ఏ బటన్ ఏ పని చేయాలో మార్చుకునే సెట్టింగ్ ఉంటుంది. నింటెండో స్విచ్‌లో 2020 ఏప్రిల్ అప్‌డేట్ నుంచి ఈ సౌకర్యం వచ్చింది. కుడివైపు ఉండే ఎ, బి, ఎక్స్, వై అనే నాలుగు బటన్లు కూడా ప్లస్ ఆకారంలోనే ఉంటాయి, వాటికి నాలుగు దిక్కులూ ఇవ్వండి. దూకడం, కొట్టడం పైఅంచున ఉండే ఎడమ భుజం బటన్లకు ఇవ్వండి. వాటిని నొక్కేది చూపుడువేలు కదా, బాబుకు ఇబ్బంది ఉండదు. మొదట్లో చేతులు తడబడతాయి, నిదానంగా నడిచే ఆటతో మొదలుపెట్టించండి. పక్కన కూర్చుని తొందరపెట్టకండి.

అది కుదరకపోతే వైర్లతో చేయొచ్చు. చాలా మిషన్లలో ఒక్కో దిక్కు ప్యాడ్‌లో ఒక గీత చిప్‌కు పోతుంది, రెండోది అన్నింటికీ ఉమ్మడి గ్రౌండ్. ఈ ఐదు చోట్ల నుంచి సన్నని ఎనామిల్ రాగి తీగ బయటికి తెచ్చి, విడిగా పెట్టుకున్న పెద్ద బటన్లకు కలిపితే కాలితోనో మోచేతితోనో కూడా ఆడొచ్చు. బోరు మోటార్ల వైండింగ్ షాపుల్లో దొరికే తీగ దీనికి మందం, రిలే కాయిల్‌లోని సన్నదైతే సరిపోతుంది. కొన్ని బోర్డుల్లో ఉమ్మడి గ్రౌండ్ ఉండదు, మల్టీమీటర్‌తో బీప్ చూసుకున్నాకే సోల్డరింగ్ పెట్టాలి. ఇది అలవాటున్న చేయి చేయాల్సిన పని. బాబును తీసుకుని రండి, చేయి ఎక్కడ ఆనితే హాయిగా ఉంటుందో చూసి బటన్లు అక్కడే పెడదాం.

ప్రశ్న: నింటెండో స్విచ్‌కు పక్కన తగిలించే ఎడమ కంట్రోలర్, అదే జాయ్‌కాన్‌లో నాలుగు విడి బటన్లున్నాయి. ప్లస్ పెట్టించుకోవచ్చా?
– మహబూబ్‌నగర్ నుంచి

జవాబు: పెట్టించుకోవచ్చు. ప్లస్ ఉన్న బయటి షెల్ విడిగా అమ్ముతారు, లోపలి బోర్డు పాతదే. మూడు రెక్కల స్క్రూడ్రైవర్ తప్పనిసరి. వారంటీ ఉంటే మాత్రం ఆగండి. ఇంకా కొనకపోయి ఉంటే, 2019లో వచ్చిన స్విచ్ లైట్ మోడల్‌కు ప్లస్ ముందే ఉంది.

ప్రశ్న: బటన్ రబ్బరు జిగటగా అయింది. నీళ్లతో కడగవచ్చా?
– నకిరేకల్ నుంచి

జవాబు: రబ్బరు ఒక్కదాన్నే బయటికి తీశాక, సబ్బు చుక్క వేసి వేళ్లతో మెల్లగా కడగండి. ఆఖరి కడుగు మాత్రం బోరు నీళ్లతో వద్దు. మన నీళ్లు ఆరితే గిన్నె మీద తెల్లటి పొర కడుతుంది, కార్బన్ బిళ్ల మీద అదే పొర కడితే బటన్ పలకదు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ సీసా తెచ్చుకోండి. నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. బోర్డు మీద నీళ్లు పడనీయకండి, దానికి ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రావణంలో ముంచిన దూది పుల్ల చాలు.