చాక్లెట్ బారు పెడతానంటున్న మేనకోడలికి

చి॥ సుజీకి,

అత్తయ్య ఆశీస్సులు. ఉద్యోగం మానేసి ఏలూరు దగ్గరి పెదవేగి తోటల కోకోతో సొంతంగా చాక్లెట్ బారు చేస్తావని నిన్న రాత్రి మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడి గొంతులో భయమే వినపడింది. నాకూ భయం ఉంది, కానీ సంతోషం అంతకంటే ఎక్కువ. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన ఆంధ్రాలోనే. కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన పండిన గింజంతా ఎవరెవరి ఫ్యాక్టరీలకో పోతోంది. మనింటి పిల్ల దానితో బారు చేస్తానంటే గర్వంగా ఉండదూ?

నువ్వు పంపిన కాగితాలు చదివాను. రుచి గురించి నాలుగు పేజీలు, ఇన్‌స్టాగ్రామ్ గురించి మూడు రాశావు. ప్యాకింగ్ గురించి ఒకే ఒక్క ముక్క: "చేత్తో మడిచిన ఫాయిల్, పైన కలంకారీ కాగితం." అది చూశాకే కలం పట్టుకున్నాను.

తయారీ సంగతి నీకు తెలిసిందే. గింజలు చెక్క పెట్టెల్లో ఐదారు రోజులు పులియాలి, మధ్యలో తిరగెయ్యాలి, తేమ 7 శాతానికి దిగేదాకా ఎండాలి. డార్క్ చాక్లెట్‌ని 45–50 డిగ్రీల దాకా కరిగించి, 27–28కి చల్లార్చి, మళ్లీ 31–32కి తెచ్చి అచ్చుల్లో పొయ్యి. పాల చాక్లెట్‌కి చివర్న 29–30 చాలు. ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు చేతికి రాకుండా ఒక్క బారు కూడా అమ్మకు.

మాటమాటకీ డెయిరీ మిల్క్‌నే ఆదర్శమన్నావు కదా, దాని గురించే చెప్తాను. 1905లో ఇంగ్లండ్‌లోని బోర్న్‌విల్‌లో అది పుట్టింది. అప్పటికి పాల చాక్లెట్ అంటే స్విట్జర్లాండ్‌దే. దాని మీద గెలవాలని క్యాడ్‌బరీ వాళ్లు పాలు ఇంకా ఎక్కువ పోశారు. 1928లో మొదలైన వాళ్ల ప్రచారం ఏమిటో తెలుసా? ప్రతి అరపౌను బారులోనూ గ్లాసున్నర పాలు. అంతే. లోపల ఏముందో, ఎంతుందో చెప్పారు. ఆ గ్లాసు బొమ్మ ఇన్నేళ్లయినా రేపరు మీద నిలిచింది.

నువ్వు మెచ్చుకున్నది మాత్రం వాళ్ల తొంభైల నాటి క్రికెట్ ప్రకటనని. కుర్రాడు సిక్సర్ కొట్టగానే చూస్తున్న అమ్మాయి కాపలావాళ్లని తప్పించుకుని మైదానంలోకి దూసుకొచ్చి డాన్సు చేస్తుంది. ఎవరికి నచ్చదు? అప్పటిదాకా చాక్లెట్ అంటే పిల్లల చేతిలో పెట్టేది. పెద్దవాళ్లూ సిగ్గుపడకుండా తినొచ్చని చెప్పడానికి తీశారు దాన్ని. కానీ 1948 నుంచీ మన దేశంలో అమ్ముడవుతున్న బారు కాబట్టి "అసలీ స్వాద్ జిందగీ కా" (జీవితపు అసలు రుచి) అంటే సరిపోయింది. ఎవరికీ తెలియని నీ బారుకి ఆ పద్ధతి పనికిరాదు తల్లీ. ఏ ఊరి గింజ, కోకో ఎంత శాతం, పంచదార ఎంత, ముందు అది చెప్పు.

అసలు సంగతికి వస్తాను. 2003 అక్టోబరులో, దీపావళి ముందు, ముంబైలో డెయిరీ మిల్క్ బార్లలో పురుగులు కనపడ్డాయని ఫిర్యాదులొచ్చాయి. ఆహారం, మందుల నాణ్యత చూసే మహారాష్ట్ర ఎఫ్‌డీఏ రంగంలోకి దిగింది. ఫ్యాక్టరీలో లోపం లేదు, కొట్లలో సరిగ్గా దాచకపోవడం వల్లే వచ్చిందని కంపెనీ అంది. నిజమే అనుకో. కొనుక్కున్న తల్లికి దానితో పనేముంది? పిల్లవాడి చేతిలో పురుగు పాకుతుంటే ఆమెకి కనిపించేది రేపరు మీద పేరే. అమ్మకాలు పడిపోయాయి. అప్పటికి ఆ బారుకి లోపల మడిచిన ఫాయిలు, పైన కాగితం తొడుగు, అంతే. నువ్వు రాసింది సరిగ్గా అదే, సుజీ!

మడతలో సందు ఉంటుంది. కోకోకి, బియ్యానికి, పప్పులకి పట్టే రెక్కల పురుగు వాసన పసిగట్టి ఆ సందు దగ్గరే గుడ్లు పెడుతుంది. దారంలా ఉండే పిల్లపురుగు దాంట్లోంచి లోపలికి దూరుతుంది. వేయించినప్పుడు గింజల్లోని గుడ్లు చస్తాయి, కాబట్టి ప్రమాదం తర్వాత వచ్చేదానితోనే. వాళ్లు 2004 జనవరికల్లా అన్ని వైపులా వేడితో అతికించిన ఫాయిలు, దానిపైన ప్లాస్టిక్ కవరు తెచ్చారు. బార్లు ఎలా దాచాలో కొట్టువాళ్లకి ఊరూరా చెప్పించారు. ఆ తర్వాతే అమితాబ్ బచ్చన్‌ని ముందు పెట్టి మళ్లీ ప్రచారం చేశారు. ఆ వరస గమనించు: ముందు సీలూ, కొట్టూ, ఆఖరున ప్రకటన. వాళ్లకి తట్టుకునే బలం ఉంది. నీ మొదటి ఏడాదిలో అలాంటి ఫొటో ఒక్కటి వాట్సాప్‌లో తిరిగితే కలంకారీ కాగితం నిన్ను కాపాడలేదు.

అందుకని సీలింగ్ మెషీను మీద పిసినారితనం చూపించకు. ఫాయిలుని వేడితో నొక్కి అతికించే దాని దవడల మధ్య చాక్లెట్ పొడి రవ్వంత పడినా అతుకులో వెంట్రుకవాసి దారి మిగులుతుంది. గంటకోసారి పొడిగుడ్డతో తుడిపించు. కరెంటు వోల్టేజి పడితే దవడ వేడి తగ్గి అతుకు పైకి బాగానే కనిపిస్తుంది కానీ గోటితో లాగితే ఊడిపోతుంది, స్టెబిలైజరు పెట్టు. ప్రతి బ్యాచ్‌లో ఐదు బార్లు బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా నొక్కు. ఎక్కడ బుడగ వస్తే అక్కడ సందు. గింజల బస్తాలు, చెరిగిన పొట్టు ప్యాకింగ్ గది దరిదాపుల్లో ఉండకూడదు. కలంకారీ కాగితం కావాలంటే సీలు పడ్డాక పైన చుట్టుకో, నేనేం కాదనను.

కొట్లు నువ్వే స్వయంగా చూసి ఎంచుకో. అగరుబత్తీల పక్కన పెడితే నెల తిరక్కుండా చాక్లెట్‌కి ఆ వాసనే వస్తుంది. బియ్యం బస్తాల పక్కన అసలే వద్దు. 16–18 డిగ్రీల్లో ఉంటే హాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏలూరు ఎండకి కోకో వెన్న కరిగి, రాత్రికి మళ్లీ గడ్డకట్టి తెల్లటి పూత కడుతుంది. తింటే ఏమీ కాదు, చూసినవాళ్లు మాత్రం బూజు అనుకుంటారు. ఫ్రిజ్ లేని కొట్టుకి ఆ రెండు నెలలూ సరుకు వెయ్యకు, ఎంత బతిమాలినా సరే.

ఇదంతా చదివి అత్తయ్య వద్దంటోందనుకోకు. మీ నాన్నతో నేను మాట్లాడతాను, వాడి భయం నాకొదిలెయ్యి. నువ్వు మొదటి బ్యాచ్‌లో పది బార్లు నాకు ఆర్టీసీ కార్గోలో వేసి పంపు, ఐసు పెట్టొద్దు. వాటిని మూడు నెలలు బియ్యం డబ్బా పక్కనే ఉంచి, ఒక్కొక్కటే విప్పి చూసి నీకు రాస్తాను.

మీ అత్తయ్య